మట్టి ఊపిరికి పడికట్టురాయి

మట్టి ఊపిరి వదులుతుందని ఆ అమ్మాయి చెప్పినప్పుడు మా బావ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. ఇంత పెద్ద సంగతి జుట్టంతా నెరిసేదాకా నాకు ఒక్కడూ చెప్పలేదేమని.

నేను బళ్ళో చదివింది అయిదో తరగతి వరకే. తరవాతి చదువంతా అనకాపల్లిలో చిత్తుకాగితాల కొట్టు దగ్గర కిలోల లెక్కన కొన్నదే. రసాయనశాస్త్రం అట్ట లేకుండా దొరికింది. భౌతికశాస్త్రం చివరి పాఠాలు లేకుండా దొరికింది. వ్యవసాయశాస్త్రంలో మట్టి గురించిన పుటలు ఎవడో చింపుకుపోయాడు, పకోడీలు కట్టడానికో ఏమో. వాడు ఎవడో తెలియదు గానీ వాడి మీద నాకు ఇప్పటికీ మంటే.

నా వృత్తి కాటాలు బాగుచెయ్యడం. బెల్లం మార్కెట్టులో దిమ్మలు తూచే కాటాలు నా చేతి మీదుగా పోనివి తక్కువ. కాటా నిజం చెబుతోందా లేదా అన్నది కాటాని అడిగి తెలుసుకోలేం. ముద్ర వేసిన పడికట్టురాయి దాని మీద పెట్టాలి. రాయి బరువు మనకి ముందే తెలుసు కాబట్టి కాటా ఏం చెబుతుందో చూస్తాం. తేడా వస్తే తప్పు కాటాది. ఇంతే విద్య. రెండువేల సంవత్సరం దాటాక అంకెలు వెలిగే కరెంటు కాటాలు వచ్చి నా పని సగానికి సగం పడిపోయింది. పని పోయినందుకు కాదు నా బాధ. అంకె ఎర్రగా వెలిగితే చాలు, జనం అది దేవుడి మాట అనుకుంటారు. రాయి పెట్టి చూడమంటే నన్ను పాతకాలంవాడంటారు. ఈ అన్యాయం గురించి నేను చాలామందితో పోట్లాడాను.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఆ అమ్మాయి మోపెడ్ ఆపి కొట్టు ముందు నిలబడింది. నక్కపల్లి దగ్గరి రైతుల బిడ్డ. పెద్ద చదువు చదివి, ఊరి చివర పాత బెల్లం గోడౌను అద్దెకి తీసుకున్న ఒక ప్రాజెక్టులో పనిచేస్తోంది. కాటా ఏదీ తేలేదు. ఒక ప్రశ్న తెచ్చింది.

"తాతగారూ, రెండు కాటాలు రెండు తూకాలు చూపిస్తే ఏది నిజమో ఎలా తేలుస్తారు?"

"మూడో కాటా తేను. రాయి ఎడతాను."

"అసలు రాయే లేదనుకోండి?"

 నా కొట్టులో నాకు మాట రాకపోవడం అదే మొదటిసారి. పక్కన బల్ల మీద కూర్చుని పొగాకులో సున్నం నలుపుకుంటున్న బావ సంతోషించాడు. బావ మా అక్క మొగుడు, తాపీపని చేసి చేసి నడుం వంగి మానేసినవాడు. "అడగమ్మా, ఇంకా అడుగు. ఈ నోరు మూతపడగా సూడాలని మాయావిడ పోయీదాకా సూసింది" అన్నాడు.

మర్నాడు ఇద్దరం గోడౌనుకి వెళ్ళాం. అక్కడే ఆమె మాకు ఊపిరి సంగతి చెప్పింది.

మట్టిలో వేళ్ళున్నాయి, కంటికి కనబడని జీవాలు కోటానుకోట్లు ఉన్నాయి. అవి తింటాయి, బతుకుతాయి, మనలాగే బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడు, వదులుతాయి. దాన్ని కొలవడానికి గిన్నెలాంటి పరికరం ఉంది. పొలంలో దిగగొట్టిన ప్లాస్టిక్ రింగు మీద ఆ గిన్నె బోర్లిస్తే, మట్టి వదిలిన గాలి అందులో పోగవుతుంది. సన్నగొట్టాలు ఆ గాలిని ఒక పెట్టెలోకి తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చి వదులుతాయి. పెట్టె మీద అంకె పెరుగుతుంది. ఎంత తొందరగా పెరిగితే నేల అంత బలంగా ఊపిరి వదులుతున్నట్టు.

అలాంటి గిన్నెలు మూడు ఉన్నాయి. రెండేళ్ళుగా ఆమె వాటిని మునగపాక చెరకు తోటల్లో మోసుకు తిరుగుతోంది. చెరకు కొట్టాక మిగిలిన ఎండాకు తగలబెట్టిన మళ్ళు కొన్ని, తగలబెట్టకుండా నేల మీదే పరిచి వదిలేసిన మళ్ళు కొన్ని. ఏ నేల ఎంత ఊపిరి వదులుతోందో కొలవడం ఆమె పని. ఊపిరి ఎక్కువుంటే ఆ మట్టిలో జీవం ఎక్కువున్నట్టట. మొన్న ప్రాజెక్టు పెద్దసారు వచ్చి ఒకే రింగు మీద మూడు గిన్నెలూ ఒకదాని తరవాత ఒకటి పెట్టించాడు. మూడూ మూడు లెక్కలు చెప్పాయి.

"ఈస్టర్ వెళ్ళాక వస్తానన్నారు. అప్పటికి ఏది నిజమో తేల్చకపోతే రెండేళ్ళ కొలతలూ పక్కన పడేసి ప్రాజెక్టు మూసేద్దామన్నారు" అంది. గొంతు మామూలుగానే ఉంది. చేతిలో రబ్బరుగొట్టం మాత్రం తెగ నలిపేస్తోంది. "ఎండలో, వానలో, తెల్లారకట్ల... రెండేళ్ళు, తాతగారూ."

ఆ పెద్దసారు అన్నదాంట్లో తప్పు లేదు. తేడా తూకంతో వ్యాపారం చెయ్యకూడదు. కానీ ముందు రాయి పెట్టి చూడకుండా కాటా పారెయ్యడం ఏమిటి? ఆ పూటంతా అదే గొణుక్కున్నాను.

రాయి ఎలా తయారుచెయ్యాలో ఆమెకి ఒక ఆలోచన ఉంది. ఒక డ్రమ్ము. దాని మీద చిల్లుల రేకు, రేకు మీద కడిగిన ఇసుక. డ్రమ్ములో మనమే బొగ్గుపులుసు వాయువు పుట్టించాలి. అది ఇసుకలోంచి నెమ్మదిగా పైకి వస్తుంది. ఎంత పుట్టించామో మనకి తెలుసు కాబట్టి ఎంత బయటికి వస్తుందో తెలుసు. ఇసుక మీద గిన్నె బోర్లిస్తే అది అంతే చెప్పాలి. మట్టి పోజు పెట్టిన ఇసుక అన్నమాట. పడికట్టురాయి కాక మరేమిటది? నాకు ఒళ్ళు పులకరించింది.

వంటసోడా నీళ్ళలో నిమ్మఉప్పు నీళ్ళు బొట్టు బొట్టుగా వేస్తే గాలి పొంగుతుందని నా అట్టలేని పుస్తకంలో ఉంది. ఎంత నిమ్మఉప్పుకి ఎంత గాలో ఆమె లెక్క కట్టింది. బొట్లు ఒక్క తీరుగా పడడానికి నేను మందుల కొట్టులో సెలైన్ ఎక్కించే గొట్టం కొన్నాను. నిమ్మఉప్పు తూచడానికి కంసాలి త్రాసు తెచ్చాను. డ్రమ్ము పక్కన కర్ర పాతి సెలైన్ సీసా వేలాడదీస్తే, రోగి మంచం పక్కన సీసాలాగే ఉంది. బావ డ్రమ్ము మీద చెయ్యి వేసి, "పేసెంటు ఎలగున్నాడు, డాట్రమ్మా?" అన్నాడు.

"ఊపిరి ఆడుతోంది మామయ్యగారూ, లీకే భయం."

అదే అసలు చిక్కు. డ్రమ్ముకీ రేకుకీ మధ్య సందులోంచి గాలి తప్పించుకుంటే లెక్కంతా పోతుంది. ఆమె ఏదో గొట్టాల్లో వచ్చే జిగురు తెప్పిస్తానంది. బావకి పౌరుషం వచ్చింది.

"జిగురేటమ్మా? నీల్లతొట్టెలు కట్టినోణ్ణి ఎదురుగా ఎట్టుకుని జిగురంతావేటి? సున్నంలో బెల్లం ఏసి నూరి మెత్తితే సుక్క కారదు. అనకాపిల్లిలో ఉండి బెల్లం సున్నం ఎరగవా?"

నేను బావని బలపరిచాను. ఎందుకు బలపరచను? మా ఊళ్ళో పాత తొట్టెలు నేటికీ కారవు. బావ ఇంట్లో సున్నం నానబెట్టి, మార్కెట్టులో నల్లబెల్లం ముక్క తెచ్చి, రోట్లో వేసి వెన్నలా నూరాడు. సందు చుట్టూ బొటనవేలితో మెత్తాడు. సబ్బునీళ్ళు పూసి చూశాం. ఒక్క బుడగ రాలేదు. బావ మీసం మీద చెయ్యి వేశాడు.

మర్నాడు పొద్దున్న సీసా తెరిచాం. గాలి నిలకడకి రావాలని చాలాసేపు ఆగాం. అప్పుడు ఒకటో గిన్నె పెట్టింది. రావలసినదాంట్లో సగం చెప్పింది. మధ్యాహ్నం రెండోది పెట్టింది. అది కాస్త నయం. సాయంత్రం మూడోది. అది ఇంకొంచెం నయం. కానీ ఏదీ నిజం చెప్పలేదు.

ఇంకా నిలకడ రాలేదేమోనని మర్నాడు ఇంకా ఆలస్యంగా మొదలుపెట్టింది. సోడా మార్చడానికి డ్రమ్ము విప్పడం, బావ మళ్ళీ తాజాగా మెత్తడం, మళ్ళీ ఒకటి, రెండు, మూడు. అవే అబద్ధాలు. ఒకటో గిన్నె అందరికన్నా పెద్ద అబద్ధాలకోరని ముగ్గురం తీర్మానించాం. నేనైతే దాన్ని తిట్టాను కూడా. పరాయి దేశంనుంచి పెట్టెలో పండుకుని వచ్చిన వస్తువుని నమ్మి ఒక ఆడపిల్ల రెండేళ్ళు ఎండలో మాడిపోయిందే అని, తయారుచేసినవాళ్ళని కలిపి తిట్టాను.

 ఆ రోజు మధ్యాహ్నమే ఆమె టిఫిను డబ్బా విప్పి, తినకుండానే మూత పెట్టేసింది. బావ ఆ డబ్బా లాక్కుని పులిహోర సగం తిని, మిగతా సగం ఆమె ముందు పెట్టాడు. "నువ్వు తినకపోతే ఇదీ నేనే తినీసి రేపు కడుపునొప్పి అంటాను. మీ తాత నీ మీద ఇరుసుకుపడతాడు" అన్నాడు. తిన్నది.

అంతలో గుడ్ ఫ్రైడే వచ్చింది. బావకీ నాకూ ఆ రోజుల్లో గుడి తప్ప వేరే లోకం ఉండదు. మధ్యాహ్నం మూడు గంటల ఆరాధన, శనివారం బల్లలు కడగడం, ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర పాటలు. బావ గొంతు ఎత్తితే ముందు వరస వెనక్కి తిరిగి చూస్తుంది, అయినా ఎత్తుతాడు. డ్రమ్ము జోలికి ఎవరం పోలేదు. సోడా నిండుగా వేసి ఉంచింది కాబట్టి ఆమె రోజూ వచ్చి పైన సీసా మాత్రం నింపి వెళ్ళిందట.

సోమవారం పొద్దున్న మేం మిగిలిన కేకు ముక్కలు కాగితంలో కట్టుకుని వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఇసుక ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"ఒకటో గిన్నె నిజం చెప్పింది" అంది.

"ఏటీ?"

"రెండోదీ చెప్పింది. మూడోది ఒక్కటే తక్కువ చెబుతోంది. పోయిన వారం మనం నయమన్నామే, అదే."

నేను పెట్టెలు తట్టి చూశాను. బావ పండగ మహిమ అన్నాడు. ఆమె నవ్వలేదు, ఏదో లెక్కలో ఉంది. "ఇప్పుడు విప్పి, తాజాగా మెత్తి, వరస మార్చి పెడదాం. మూడోదాన్ని ముందు పెడదాం" అంది.

అలాగే చేశాం. ఈసారి మూడో గిన్నె ఘోరంగా చెప్పింది. చివర పెట్టిన ఒకటోది దాదాపు నిజానికి దగ్గరగా వచ్చింది.

"చూశారా? ముందు పెట్టినదే అబద్ధం చెబుతోంది. అంటే ఎక్కువ అబద్ధం గిన్నెది కాదు, వేళది. పొద్దున్న డ్రమ్ములోంచి గాలి తక్కువ వస్తోంది, సాయంత్రానికి పెరుగుతోంది, నాలుగు రోజులు కదపకపోతే పూర్తిగా వస్తోంది. అదే సోడా, అదే సీసా. ఈ నాలుగు రోజుల్లో పాతబడింది ఏది?"

ముగ్గురం డ్రమ్ము చుట్టూ తిరిగి చూశాం. బావ ఆలోచనకోసం పొగాకు తీశాడు, సున్నం డబ్బీ మూత తెరిచాడు. సున్నం మీద తెల్లటి పొర గట్టిపడి ఉంది. గోటితో దాన్ని పగలగొట్టి కింది మెత్తసున్నం తీశాడు. ఆ అమ్మాయి ఆ గోటినే చూస్తోంది.

"మామయ్యగారూ, ఆ పెంకు ఎందుకు కట్టింది?"

"మూత సరిగ్గా నేదమ్మా. గాలి తగిల్తే సున్నం పెంకు కడతాది."

ఆమె రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, అప్పుడు నవ్వింది. ఆ నవ్వుకి గోడౌను రేకుల మీద పావురాలు లేచిపోయాయి. నాకు అప్పటికి అర్థమైంది. సున్నపు తేటలో గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడుతుంది, ఎందుకంటే సున్నం బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటుంది. ప్రతి పిల్లవాడి పుస్తకంలోనూ ఉండే పాఠం. నా పుస్తకంలోనూ ఉంది, ఆ పుట ఎవడూ చింపలేదు. మేం గాలి తప్పించుకోకుండా డ్రమ్ముకి కాపలా పెట్టిందే ఆ గాలి తాగేవాణ్ణి. తాజా సున్నం పొద్దున్నంతా తాగి, మీద పెంకు కట్టాక మెల్లగా మానేస్తోంది. ఆమె దిగులుగా డబ్బా మూసిన ఆ రోజుల్లో మేం రోజూ వాడికి కొత్తగా కడుపు ఖాళీ చేయించి కూర్చోబెట్టాం.

"అయితే నా సున్నం తాగీసిందంతావు" అన్నాడు బావ.

"మొత్తం తాగింది మామయ్యగారూ."

"కారలేదు కదా?"

"చుక్క కారలేదు."

"అదీ" అని బావ నా వైపు తిరిగాడు. "యినుకున్నావా? కారలేదంట."

బావ అన్నది న్యాయమే. ఆ మెత్తుడు మెత్తడంలో లోపం లేదు. నేటికీ ఎవడైనా దానికి వంకపెడితే నేను ఒప్పుకోను.

ఆ సాయంత్రమే లారీ ట్యూబు పాతది తెచ్చి, వాషరులా గుండ్రంగా కోసి, రేకుకీ డ్రమ్ముకీ మధ్య వేసి చుట్టూ బోల్టులు బిగించాను. మర్నాడు పొద్దున్న పెట్టినా సాయంత్రం పెట్టినా, ముందు పెట్టినా వెనక పెట్టినా, ఒకటీ రెండూ నిజం చెప్పాయి. మూడోది ఎప్పుడు చూసినా మూడింట రెండొంతులే చెప్పింది. దాని అంచు రబ్బరు ఎండిపోయి గట్టిపడింది. కొత్త రబ్బరు వెయ్యబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు తాతగారూ. రెండేళ్ళూ ఇది ఇలాగే చెప్పి ఉంటే, ఇలాగే ఉండాలి. ఎంత తక్కువ చెబుతుందో తెలిస్తే పాత కొలతలు సరిచేసుకోవచ్చు."

ఎప్పుడూ ఒకే కొలతన తక్కువ చూపే కాటాతో ఇబ్బంది లేదు, లెక్క కలుపుకుంటే సరిపోతుంది. ఇది నాకు తెలిసిన విద్యే. కానీ చేతిలో రెంచి ఉంటే బిగించాలనే అనిపిస్తుంది.

పెద్దసారు అన్నమాట ప్రకారం వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మాట పొదుపు మనిషి. అంతా విన్నాడు. ఇసుక చూశాడు, సెలైన్ సీసా చూశాడు, లారీ ట్యూబు చూశాడు.

"మీకు జవాబు ముందే తెలుసు. తెలిసిన జవాబు రావడం కష్టం కాదు" అన్నాడు. "నిమ్మఉప్పు నేను కలుపుతాను. ఎంత కలిపానో ఎవరికీ చెప్పను. మీరు చెప్పండి."

నన్ను నా త్రాసు దగ్గరికి కూడా రానివ్వలేదు. గోడౌను గది తలుపు లోపల వేసుకున్నాడు. నా సొంత త్రాసుతో, నన్ను బయట నిలబెట్టి. "ముల్లు నిలబడేదాకా ఆగండి సారూ" అని తలుపు బయటినుంచి అరిచాను.  బావ గుమ్మంలో కూర్చుని, "పురిటిగది ముందర మొగుడు తిరిగినట్టు తిరగతన్నావు, కూకో" అన్నాడు.

సీసా వేలాడదీశాం. నిలకడ రావాలి కాబట్టి కూర్చున్నాం. ఈలోగా బండి మీద చెరకురసం తెప్పించాం. పెద్దసారు ఐసు వద్దన్నాడు, అల్లం ఎక్కువ కావాలన్నాడు. అప్పుడే నాకు ఆయన మీద కొంచెం గౌరవం కలిగింది. ఆ అమ్మాయి మాత్రం గ్లాసు ముట్టలేదు.

ఒకటో గిన్నె పెట్టింది. అంకె పెరుగుతుంటే చూసింది. రెండోది పెట్టింది. మూడోది పెట్టి, వచ్చినదానికి తక్కువైనంత కలుపుకుంది. మూడూ మళ్ళీ ఒకసారి వరస మార్చి పెట్టింది. తరవాత లేచి చీరకొంగుకి చేతులు తుడుచుకుంది.

"పన్నెండు గ్రాములు వేశారు సార్. కాస్త అటూ ఇటూ."

పెద్దసారు గ్లాసు కింద పెట్టాడు.

"మూడోది?"

"ఎనిమిది అంది సార్. సరిచేస్తే అదీ పన్నెండే."

ఆయన జేబులోంచి కాగితం తీసి చూసుకున్నాడు.  బావ నమలడం ఆపేశాడు.

"పన్నెండున్నర వేశాను" అన్నాడు పెద్దసారు. తరవాత, "మీ రెండేళ్ళ కొలతలు ఉంటాయి. మూడో గిన్నెవి సరిచెయ్యండి. మిగతావి ముట్టుకోకండి" అన్నాడు.

కనబడని గాలిని ఇసుక మీద బోర్లించిన గిన్నెతో పట్టి, నిమ్మఉప్పు తూకం చెప్పడం! అరగ్రాము తేడా! మార్కెట్టులో కరెంటు కాటాలవాళ్ళు నాలుగు దిమ్మలకి ఇంతకన్నా ఎక్కువ తప్పుతారు, నేను చూపిస్తాను రండి అని పెద్దసారుకి చెప్పబోయాను. బావ నా మోచెయ్యి పట్టి లాగాడు. ఆ అమ్మాయి గట్టు మీద కూర్చుని, వేడెక్కిపోయిన చెరకురసం ఒక్క గుక్కలో తాగేసి, బావ గ్లాసు కూడా లాక్కుని తాగింది.

ఆ రాత్రే వేసవి మొదటి వాన పడింది. పొద్దున్నే ఆమె మోపెడ్ కొట్టు ముందు ఆగింది. "మునగపాక పోదాం తాతగారూ. ఎండిన నేల మీద మొదటి వాన పడ్డాక ఊపిరి ఎగసిపడుతుంది, ఇవాళ పోతే మళ్ళీ ఏడాదికే." గిన్నెల పెట్టెలు ఆటోలో వేసుకుని, బావనీ నన్నూ వెనక కుక్కుకుని వెళ్ళింది.

ఆకు పరిచిన మడి. కింద తడి, మీద నుంచి ఆవిరి. ఆ తోట రైతు పారతో గట్టు సరిచేస్తున్నవాడు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆమె రింగు మీద ఒకటో గిన్నె బోర్లించింది. అంకె పరుగెత్తింది. గోడౌనులో ఇసుక మీద అలాంటి పరుగు మేం ఎప్పుడూ చూడలేదు.

"ఏటమ్మా, ఆయాసపడతందేటి మా బూమి?" అన్నాడు రైతు.

"వాన తాగింది కదా మామయ్యా. కడుపు నిండి తేనుస్తోంది."

రైతు నవ్వలేదు. వంగి ఆ అంకెని చూశాడు. "మొన్న మీ సారు వచ్చీసి, ఈ లెక్కలన్నీ పారేత్తాన్నాడంట కదా. ఆకు కాల్సకుండా ఉంచినందుకు ఊళ్ళో అందరూ నన్ను ఎర్రోణ్ణి సేసేరు. ఇదీ పారేత్తారేటి?"

"ఏదీ పారెయ్యరు. పాతవీ ఉంటాయి, ఇదీ ఉంటుంది."

"కాటా మీద రాయి ఎట్టి సూసేం" అన్నాను నేను.

రైతు నన్ను కిందినుంచి మీదికి ఒకసారి చూసి, తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, పార భుజాన వేసుకున్నాడు. "అయితే ఆ పక్కన మా తమ్ముడు కాల్సిన మడి కూడా తూసీండి. ఎండ ముదరకముందే. ఆడొచ్చీసరికి లెక్క సేతిలో ఉండాల" అంటూ ముందు నడిచాడు. ఆ అమ్మాయి గిన్నె ఎత్తి చంకన పెట్టుకుని వెనకాలే దాదాపు పరుగెత్తింది.